రాగుల దిండులో బూరుగు దూది

నా చిన్నప్పుడు మా ఇంట్లో దిండు అనేది ఒక్కటే ఉండేది. అది మా నాయనకు కాదు, మా అమ్మకు కాదు, మూడు నెలల మా చెల్లెలికి. మేమంతా చెయ్యి మడిచి తలకింద పెట్టుకుని పడుకునేవాళ్ళం. ఆ దిండు రెండు అరచేతులు పక్కపక్కన పరిచినంత ఉండేది. ఎర్రగుడ్డ సంచి, లోపల రాగులు, మూతికి కుట్టు. అంతే. మా వైపు బిడ్డ పుట్టిన ప్రతి ఇంట్లోనూ అదే దిండు. కలిగినవాళ్ళు ఆవాలు పోసేవాళ్ళు, మాలాంటివాళ్ళు రాగులు. దానిమీద పడుకోబెడితే తల గుండ్రంగా తిరుగుతుందనీ, లేకపోతే వెనకవైపు పీటలాగా చదునైపోతుందనీ ఆడవాళ్ళు చెప్పేవాళ్ళు. చదును తల పిల్లకు పూలు కూడా నిలవవట.

మాది పుంగనూరు నుంచి సదుం పోయే దోవలో, రోడ్డు వదిలి లోపలికి నడిస్తే వచ్చే మెట్టపల్లె. వాన పడితే వేరుశనగ, రాగి. పడకపోతే కూలి. మా నాయనా అమ్మా ఇద్దరూ పనికి పోయేవాళ్ళే. చెల్లెలు పుట్టిన రెండో నెలలోనే అమ్మ కలుపుకు పోవడం మొదలుపెట్టింది. బిడ్డను చూసుకోవడానికి ఇంట్లో ముసలివాళ్ళు లేరు. ఉన్నది నేను. నాకప్పుడు ఎనిమిదేళ్ళు ఉంటాయేమో, సరిగ్గా చెప్పలేను. మా ఇంట్లో ఎవరు ఎప్పుడు పుట్టారో ఎవరూ రాసిపెట్టలేదు, రాసేవాళ్ళు లేరు కాబట్టి. నాలుగు నాళ్ళు బడికి పోయి అ ఆలు దిద్దినవాణ్ణి, పలకను చూరులో దోపి బిడ్డ పక్కన కూర్చున్నాను. అందుకు ఏడ్చానని చెప్తే అబద్ధం. బడికంటే నాకు చెల్లెలే బాగుండేది. పంతులు నన్ను చూసి ఎప్పుడూ నవ్వలేదు. చెల్లెలు నవ్వేది.

దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో దాన్ని వేసి ఊపేవాణ్ణి. గుడ్డలు తడిపితే మార్చేవాణ్ణి. మధ్యాహ్నం అమ్మ చేను నుంచి పరుగున వచ్చి పాలిచ్చి పోయేది. ఊళ్ళో ఆడవాళ్ళు నన్ను చూసి ఎగతాళి చేసేవాళ్ళు, మొగపిల్లోడు బాలింతరాలు మాదిరి ఇంట్లోనే ఉండాడని. అననీ అని ఊరుకునేవాణ్ణి. దాన్ని నాకంటే బాగా ఎవరూ చూడలేరని నాకొక గర్వం ఉండేది. ఆ గర్వమే దాన్ని తీసుకుపోబోయింది.

ఆ ఏడు ఆషాఢం ముగిసేసరికి మా ఇంట్లో రాగుల బాన అడుగంటింది. కొత్త పంట చేతికి రావాలంటే ఇంకా నెలలు పట్టేది. ఒక పొద్దుగూకే వేళ అమ్మ బాన అడుగు చేత్తో ఊడ్చి చేటలో పోసింది. అది ముగ్గురికి కాదు, ఒకరికి కూడా సరిపోదు. తరవాత లేచి, చెల్లెలి తలకింద నుంచి ఆ ఎర్రగుడ్డ దిండు తీసి, మూతి కుట్టును పళ్ళతో తెంపి, రాగులు చేటలోకి వంచింది. మా నాయన అది చూసి ముఖం అవతలికి తిప్పుకున్నాడు. విసురురాయి చప్పుడు మాత్రమే వినిపించింది.

ఆ సంగటి నేను తిన్నాను. బాగుందనిపించింది కూడా. ముద్ద నడుమ వేలితో గుంట చేసి, ఊరిబిండి పచ్చడి పెట్టుకుని, చెయ్యి నాక్కుంటూ తిన్నాను. తిన్నాక చూస్తే ఖాళీ ఎర్రసంచి గోడకున్న మేకుకు వేలాడుతోంది. చెల్లెలు ఉత్త గుడ్డమీద తల పెట్టుకుని చేతులాడిస్తోంది. దాని దిండు మేం తినేశాం అనుకున్నాను. పిల్లల బుద్ధి అంతే. పెద్దవాళ్ళు ఆకలి అనుకున్న చోట వాళ్ళు దొంగతనం అనుకుంటారు. దానికి మళ్ళీ దిండు చేసిపెట్టాలని ఆ పూటే తీర్మానం చేసుకున్నాను.

మరునాడు నాయన ఎద్దుకు లాడం కొట్టించడానికి పుంగనూరు పోయాడు. అమ్మ కలుపుకు పోయింది. ఉయ్యాల చీర బిడ్డ తడిపితే ఉతికి కంచెమీద ఆరేసింది. బిడ్డను కింద బొంతమీద పడుకోబెట్టుకోమని నాకు చెప్పి పోయింది. నాకు కావలసింది దొరికింది. ఎండాకాలంలో మా చేనిగట్టున ఉన్న బూరుగు చెట్టు కింద రాలిన కాయలు ఏరి, దూది తీసి, ఒక గోనెసంచిలో దాచుకుని ఉన్నాను. ఎందుకు దాచానో నాకే తెలీదు, మెత్తగా ఉంటుందని దాచానంతే. దాన్ని తెచ్చి ఎర్రసంచిలో కుక్కడం మొదలుపెట్టాను. రాగులు పోసినప్పుడు అట్టులాగా అణిగి ఉండే సంచి, దూది కుక్కేసరికి పొట్ట నిండిన దూడలాగా ఉబ్బింది. మూతిని నారతో బిగించి కట్టాను.

బిడ్డ తల దానిమీద పెడితే చెవులదాకా మునిగింది. ఎంత మెత్తగా ఉందో, రాజుగారి బిడ్డకు కూడా ఇంత మెత్తని దిండు ఉండదని మురిసిపోయాను. దొర్లిపోకుండా అటొక దుప్పటి చుట్ట, ఇటొక దుప్పటి చుట్ట పెట్టాను. చల్లగాలి తగలకుండా ఇంకొక గుడ్డ భుజాలదాకా కప్పాను. అది రెండుసార్లు కాళ్ళు తన్నుకుని, అటు తిరిగి నిద్రపోయింది. ఎప్పుడూ అంత తొందరగా నిద్రపోయేది కాదు. నా దిండు మహిమే అనుకున్నాను.

బయట అరుగుమీద కూర్చుని జొన్నదంటు బెండుతో దానికొక బండి చెయ్యసాగాను. అరుగు నుంచి బిడ్డ దాకా నాలుగు అడుగులు కూడా ఉండవు. వాకిలి తెరిచే ఉంది. లోపల నుంచి చప్పుడు లేదు. చప్పుడు లేదంటే హాయిగా నిద్రపోతోందని నేననుకున్నాను. ఏడ్చే బిడ్డతో ఎప్పుడూ భయం లేదు. ఏడవడానికి కూడా గాలి లేని బిడ్డ చప్పుడు చెయ్యదు.

మా ఊళ్ళో కాన్పులు చేసే అవ్వ ఒకామె ఉండేది. మా చెల్లెల్ని బయటికి తీసింది ఆమే, నన్ను తీసిందీ ఆమే. ఎముకలమీద తోలు కప్పినట్టు ఉండేది, నోరు మాత్రం పెద్దది. కాన్పు చేసిన ఇళ్ళకు వారానికోసారి వచ్చి బిడ్డను చూసిపోవడం ఆమెకు అలవాటు. ఎవరూ పిలవనక్కర్లేదు. ఆ పొద్దు కూడా చేతికర్ర తాటించుకుంటూ వచ్చి అరుగు ముందర నిలబడింది.

"ఏమప్పా బాలింతరాలా, బండి సేస్తాండావా? బిడ్డ యాడ?"

"లోపల పండుకోనుండాది అవ్వా. నేనే దిండు సేసి పెట్టినా, సూడుపో."

సూడుపో అని నేనే చెప్పాను. మెచ్చుకుంటుందని చెప్పాను. ఆ ఒక్క మాట చెప్పకపోయుంటే ఆమె బిడ్డ నిద్రపోతోందిలే, మళ్ళీ వస్తానని పోయుండేదేమో. దీన్ని గురించి నేను చాలాసార్లు ఆలోచించాను.

ఆమె గడప దాటింది. కర్ర కింద పడిన చప్పుడు విన్నాను. లోపలికి పోయేసరికి బిడ్డ ఆమె చేతుల్లో వేలాడుతోంది. తడిగుడ్డ పట్టుకుంటే ఎలా వాలిపోతుందో అలా. పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ముక్కు, నోరు ఆ దిండులోకి తిరిగి, ఉబ్బిన దూది రెండు పక్కలా పైకి లేచి అంతసేపూ ముఖాన్ని మూసేసి ఉండింది. నేను పెట్టిన దుప్పటి చుట్టలు తలను ఇవతలికి తిరగనివ్వలేదు. నేను ప్రేమగా చేసిన ప్రతి పనీ దాని ముక్కుకు అడ్డం నిలబడింది.

అవ్వ బిడ్డను ముంజేతిమీద బోర్లా వేసుకుని వీపు రుద్దింది. అరికాళ్ళు వేళ్ళతో గట్టిగా కొట్టింది. తిప్పి ముఖంమీద ఊదింది. మళ్ళీ రుద్దింది. ఎంతసేపు పట్టిందో చెప్పలేను, నాకు అప్పుడు లెక్కలు రావు. వచ్చినా ఆ సేపటిని లెక్కపెట్టలేం. వాకిట్లో కోడి ఒకటి గింజలు ఏరుతూ ఉండింది, దాన్నే చూస్తూ నిలబడ్డాను, చెల్లెలి వైపు చూడలేక. చివరికి పిల్లికూన అరిచినట్టు చిన్న చప్పుడు వచ్చింది. తరవాత ఒక పెద్ద ఏడుపు. అంత మంచి ఏడుపు నేను ఇంతవరకూ మళ్ళీ వినలేదు.

బిడ్డ పెదవులకు రంగు తిరిగేదాకా అవ్వ దాన్ని రొమ్ముకు అదుముకుని కూర్చుంది. నేను దెబ్బలకు సిద్ధమై గోడకు ఆనుకుని నిలబడ్డాను. దెబ్బలు రాలేదు. ఆమె ఆ ఎర్ర దిండును కాలితో నా ముందుకు తోసింది.

"దా. ఈడ బోర్లా పండుకో. మూతి దాంట్లో పెట్టు."

పడుకున్నాను. వీపుమీద కర్ర పడుతుందేమోనని బిగపట్టుకున్నాను.

"ఊపిరి తియ్యి. గాలి ఎట్లుండాది?"

"సల్లగుండాది."

"ఇంగా తియ్యి. ఇంగా. ఇప్పుడు?"

"ఎచ్చగుండాది అవ్వా."

"యాల ఎచ్చగుండాది?"

ఎందుకో తెలీదన్నాను. నాలుగు ఊపిర్లు తీసేసరికి దూదిలోని గాలి పొయ్యిమీది ఆవిరిలాగా నా ముఖానికే తగిలింది. ఇంకో రెండు తీసేసరికి చెవుల్లో గుయ్ మంది. తల పైకెత్తి లేచి కూర్చున్నాను.

"ఎవురు లెయ్యమన్యారు నిన్ను?"

"ఊపిరాడలా."

"నువ్వు ఇడిసిన గాలినే మళ్ళా నువ్వు తాగుతాంటివి. ఎంగిలి గాలి అది. ఎంగిలి నీళ్ళు తాగినోడు బతుకుతాడు, ఎంగిలి గాలి తాగినోడు బతకడు. నీకు మెడుండాది, లేసినావు. దానికి మెడ యాడుండాదప్పా?"

అని బిడ్డను నా ముందు పట్టుకుని, తలవెనక చెయ్యి కొంచెం వదులు చేసి చూపించింది. తల వడలిన పువ్వులాగా పక్కకు వాలింది. రోజూ ఎత్తుకునే బిడ్డే, రోజూ తలకింద చెయ్యి పెట్టి ఎత్తుకునేవాణ్ణే. మెడ నిలవదని నా చేతులకు తెలుసు. నా బుద్ధికి తెలీలేదు.

అప్పుడు నాకొక తిక్క ప్రశ్న వచ్చింది. అడిగేశాను. రాగులైతే ముక్కు మూయవు కదా, అమ్మ రాగులు పోసిన దిండు ఉండుంటే ఏమీ అయ్యేది కాదు కదా అని. తప్పు సగం అమ్మమీదికి తోసేద్దామని నా ఆలోచన. అవ్వ అది పసిగట్టింది.

"రాగులైతే ఏంది, ఆవాలైతే ఏంది. తలకింద ఏది పెట్టినా గెడ్డం రొమ్ముకు ఆనుతాది, దోవ ఇరుకవుతాది. నేను ఎన్ని ఇండ్లలో సెప్పినా, తల గుండ్రంగా రావాలని నా మాట ఎవురూ ఇనరు. ఇదో, నా తల సూడు. నా తల్లి నన్ను ఉత్త నేలమీద పారేసింది, ఏ దిండూ లేదు. రెండు బిందెలు ఎత్తుకోని గుట్ట ఎక్కితే సుక్క నీళ్ళు ఒలికేది లేదు."

తల ముందుకు వంచి చూపించింది. నెత్తిమీద వెంట్రుకలు చాలావరకు పోయాయి. నాకు నవ్వొచ్చింది, ఏడుపు నడుమ నవ్వొచ్చింది. ఆమె కూడా పళ్ళు లేని నోటితో నవ్వింది. తరవాత బొంతమీది దుప్పటి చుట్టలు, పై గుడ్డ అన్నీ లాగి మూలకు విసిరింది. బొంతను గట్టిగా నాలుగు మడతలు వేసి, ముడత లేకుండా చేత్తో సదరం చేసి, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టింది. చుట్టూ ఏమీ లేదు. అంత విశాలమైన నేలమీద అంత చిన్న బిడ్డ, చూడ్డానికి దిక్కులేనిదిలాగా ఉంది. కాని దాని పొట్ట లేస్తూ పడుతూ ఉంది.

అవ్వ నా కుడిచెయ్యి పట్టుకుని చూపుడువేలు బిడ్డ ముక్కు కిందికి తీసుకుపోయింది. ముట్టుకోవద్దు, ఒక గింజ పట్టేంత ఎడంలో పెట్టమంది. వేలికి సన్నగా గాలి తగిలింది. లోపలికి పోయేటప్పుడు చల్లగా, బయటికి వచ్చేటప్పుడు వెచ్చగా. నిద్రపోతాందిలే అని అనుకోవద్దు, చూడు. చప్పుడు లేకుంటే మరీ చూడు. ఇంతే ఆమె చెప్పింది. ఆమె నాకు చెప్పిన పాఠం అంతా ఆ వేలి కొనలో పడుతుంది.

మధ్యాహ్నం అమ్మ పాలివ్వడానికి వచ్చేదాకా అవ్వ పోలేదు. చెప్పేస్తుందనుకున్నాను. చెప్పాల్సిన మాటే. అమ్మ గడపలో కాలు పెట్టగానే అవ్వ నోరు తెరిచింది.

"ఏమ్మే, ఈ దిండు నేను తీసకపోతాండా. నా ముసిలి తలకు మెత్తగుండాది. నీ బిడ్డకు మెడ నిలబడి, నడిసి, నా ఇంటికొచ్చి అడిగితే ఇస్తా. అందాకా దాని తలకింద ఏమన్నా పెట్టినావంటే ఇంగొక కాన్పుకు నన్ను పిలవద్దు."

అమ్మ ముందు తెల్లబోయింది. ఆ ఎర్రగుడ్డ మా అమ్మమ్మ పెట్టిన రవికగుడ్డ. కాని ఆ అవ్వతో ఎవరూ వాదించరు. నీ కొడుకు కాపలా బాగుంది, నేను నేర్పించినాను, వాడు చెప్పినట్టు విను అని కూడా అని, కర్ర తీసుకుని దిండు చంకలో పెట్టుకుని పోయింది. నావైపు చూడనైనా చూడలేదు. చూసుంటే నేను అక్కడే అంతా కక్కేసేవాణ్ణి. అది ఆమెకు తెలుసు. ఎనిమిదేళ్ళవాడి నెత్తిన అంత మాట పెట్టకూడదని ఆమె ఆ దిండుతో పాటు దాన్ని కూడా తీసుకుపోయింది. నాకట్లా అర్థమైంది, అదీ చాలా ఏళ్ళ తరవాత.

ఆ మాట నేను మా అమ్మకు చెప్పలేదు. నాయనకు చెప్పలేదు. అవ్వ పోయింది, వాళ్ళూ పోయారు. చెల్లెలు పెరిగింది, బడికి పోయింది. నేను మదనపల్లె టమేటా మండీలో గంపలు మోసి, తరవాత అక్కడే కాపలా ఉన్నాను. నలభై దాటాక సంతకం రాక ఒకచోట నవ్వులపాలైతే, అప్పటికి మదనపల్లెలోనే కాపురం ఉన్న చెల్లెలు నన్ను కూర్చోబెట్టి పలకమీద దిద్దించింది. మధ్యాహ్నం మధ్యాహ్నం, మొట్టికాయలు వేసి మరీ నేర్పించింది. నా పక్కన దాని పిల్లలు కూడా దిద్దేవాళ్ళు, నాకంటే ముందు పూర్తిచేసి నవ్వేవాళ్ళు. ఇప్పుడు నేను రాస్తున్న ప్రతి అక్షరం ఆమె వేసిన మొట్టికాయే. ఆమెకు కూడా నేను ఆ పొద్దు సంగతి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఈ ఏడు వచ్చింది.

మా చెల్లెలు ఇప్పుడు కుప్పంలో కొడుకు దగ్గర ఉంటోంది. ఆమె మనవరాలు కాన్పుకు పుట్టింటికి వచ్చి బిడ్డను కనింది. మూడో నెలలో చూసి రావడానికి నేను బస్సెక్కి పోయాను. బిడ్డ మంచంమీద నిద్రపోతోంది. దాని తలకింద పసుప్పచ్చ గుడ్డతో కుట్టిన ఆవాల దిండు. అటొకటి ఇటొకటి ఏనుగు బొమ్మలున్న మెత్తని దిండ్లు, ఫోనులో బుక్ చేస్తే ఇంటికి వచ్చాయట. సంచి కింద పెట్టకుండానే వెళ్ళి బిడ్డ ముక్కు కింద వేలు పెట్టాను. గాలి తగిలింది. అప్పుడు చెప్పాను, ఇవన్నీ తీసెయ్యండి అని.

నవ్వారు. ముసలాయనకు దిండ్లతో ఏం పగ అన్నారు. ఏనుగు దిండ్లు తీసిపెట్టారు గాని, ఆవాల దిండు దగ్గరికి వచ్చేసరికి మా చెల్లెలు అడ్డం వచ్చింది. అది ఆమె తన చేత్తో కుట్టింది. కళ్ళు సరిగా ఆనకపోయినా రెండు దినాలు కూర్చుని కుట్టిందట.

"నేను ఇద్దరు బిడ్డల్ని ఆవాల దిండు మిందనే పెంచినా. వాళ్ళేమన్నా సొట్టగుండారా? నువ్వు బస్సు దిగి కాళ్ళు కడుక్కోకుండానే ఏందన్నా ఈ రచ్చ?"

"బతికిన బిడ్డల్ని సూపించి సెప్పద్దు మే. దిండు తియ్యి."

"తియ్యను."

"అయితే నేను ఈ ఇంట్లో బువ్వ తినను."

నేను మొండివాణ్ణి, ఆమె నా చెల్లెలు. అన్నం వడ్డించిన పళ్ళెం చల్లారిపోయింది. బిడ్డతల్లి నడుమ నిలబడి నలిగిపోతోంది. పిల్లల డాక్టరు కూడా ఏడాది దాటేదాకా దిండు వద్దన్నాడని, గట్టి పరుపుమీద వెల్లకిలా పడుకోబెట్టమన్నాడని మెల్లగా అంది. మరి చెప్పలేదేమని అడిగితే, మా అవ్వ కుట్టింది తాతా, ఎట్లా చెప్పేది అంది. డాక్టరు మాట కూడా ఆ ఇంట్లో దారం కుట్టును దాటలేకపోయిందన్నమాట.

ఇక వాదించి లాభం లేదనుకున్నాను. నేను దాచుకున్నది బయటపెట్టకుండా ఆమె ఒప్పుకోవాలనుకోవడం కూడా న్యాయం కాదనిపించింది. కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. రాగులు అయిపోయిన పొద్దు నుంచి చెప్పాను. బూరుగు దూది చెప్పాను. దుప్పటి చుట్టలు చెప్పాను. నేరేడుపండు రంగు చెప్పాను. ఎంగిలి గాలి చెప్పాను. నిన్ను నేనే చంపబోయినానమ్మా, నిన్ను బతికించింది ఆ అవ్వ, నేను కాదు అని చెప్పేశాను.

ఆమె నా ముఖంలోకే చూస్తోంది. నాకు మొట్టికాయ పడినా బాగుండుననిపించింది. మెల్లగా తన తలవెనక చెయ్యి పెట్టి తడుముకుంది.

"ఇందుకా అన్నా, నేను నిద్రపోతాంటే సిన్నప్పుడు నువ్వు ఎప్పుడు సూసినా నా ముక్కు కాడ వేలు పెట్టేది? మా అన్నకు పిచ్చి అని నేను బళ్ళో అందరికీ సెప్పినా."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. లేచి వెళ్ళి, నిద్రపోతున్న బిడ్డ మెడకింద చెయ్యి వేసి తల ఎత్తి, ఆవాల దిండు లాగేసింది. వంటింట్లోకి తీసుకుపోయి, తాను రెండు దినాలు కుట్టిన కుట్టును కత్తెరతో తెంపి, ఆవాలు తాలింపు డబ్బాలోకి వంచింది. గింజలు రేకుమీద పడే చప్పుడు విన్నప్పుడు నాకు మా అమ్మ చేట గుర్తొచ్చింది. ఆ పొద్దు మా అమ్మ ఆకలికి వంచింది. ఆమె అప్పుడు తెలీక మంచిపనే చేసింది, చెడగొట్టింది నేను. ఈ పొద్దు నా చెల్లెలు తెలిసి వంచింది. రెండు మూడు నెలలు ఆవాలు కొనే పనిలేదు పొండి అని కోడలితో అంది. తరవాత నా పళ్ళెంలో చల్లారిన అన్నం తీసి వేడన్నం పెట్టింది.

తిని వచ్చి చూస్తే బిడ్డను మంచంమీద నుంచి దించి, నేలమీద గట్టి పరుపు వేసి, దుప్పటి ముడత లేకుండా అంచులు కిందికి దోపి పడుకోబెట్టి ఉన్నారు. చుట్టూ ఏమీ లేదు, బొమ్మ కూడా లేదు. వెల్లకిలా, రెండు చేతులూ తలకు అటూ ఇటూ వేసుకుని, పోట్లాటలో గెలిచినదానిలాగా నిద్రపోతోంది.

ఆ అవ్వ నాకు ఇచ్చిపోయింది ఏమైనా ఉందంటే ఈ అలవాటు ఒక్కటే. మదనపల్లెలో గానీ, పుంగనూరులో గానీ, ఎవరింటికి పోయినా, ఎవరి బిడ్డ అయినా సరే, నిద్రపోతున్న పసిబిడ్డను చూస్తే మొదట తలకింద చూస్తాను, తరవాత ముక్కు కింద వేలు పెడతాను. ఎన్నో ఇళ్ళలో తిట్లు తిన్నాను. దిష్టి తగిలిస్తాడని ఒకావిడ బిడ్డను ఎత్తుకుని లోపలికి పోయింది. పోతే పోనీ, దిండు తీశాకే నేను ఆ ఇంటి గడప దాటాను. కుప్పంలో ఆ పొద్దు కూడా బస్సుకు పోయే ముందు వంగి వేలు పెట్టబోయాను. పెట్టలేకపోయాను. అక్కడ నాకంటే ముందే మా చెల్లెలి వేలు ఉంది, గింజ ఎడంలో, కదలకుండా. నావైపు చూడకుండానే చెప్పింది.

"సల్లగ పోతాంది అన్నా. ఎచ్చగ వస్తాంది."